హద్దు ఎక్కడ గీయాలి? ఊత్తంగరై వాన లెక్కలు, హిస్టోగ్రామ్ పాఠాలు

2024 డిసెంబర్ 2 ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో 503 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఫెంగల్ తుపాను నవంబర్ 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, బలహీనపడుతూ లోతట్టుకు వచ్చి కుమ్మరించిన వాన అది. పక్కనున్న ధర్మపురి జిల్లా హరూరులో అదే రోజు 33 సెంటీమీటర్లు పడింది. దిగువన సాత్తనూరు జలాశయం నుంచి దక్షిణ పినాకినిలోకి లక్షన్నర క్యూసెక్కులకు మించి నీరు వదలాల్సి వచ్చింది. ఊత్తంగరైలో చెరువు పొంగి రోడ్డు మీద పడింది. పక్కన నిలిపిన వ్యాన్లు, కార్లు వరదలో కొట్టుకుపోవడాన్ని దేశమంతా చూసింది.

కృష్ణగిరి జిల్లాలో ఏడాది పొడవునా కురిసే సగటు వాన ఎనిమిది వందల మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో సగానికి మించిన వాన ఒక్క రోజులో పడిందన్నమాట. ఇప్పుడు ఆ రోజును ముప్పై ఏళ్ల సగటులో కలిపి చూడండి. 503ను ముప్పైతో భాగిస్తే ఏడాదికి పదిహేడు మిల్లీమీటర్లు కూడా రాదు. సగటు కాస్త పెరిగిందని మాత్రమే కాగితం చెబుతుంది. ఊరు మునిగిన సంగతి అందులో కనిపించదు.

సగటులో కనిపించనిదాన్ని చూపే పనిముట్లలో అన్నిటికన్నా చవకైనది హిస్టోగ్రామ్. బడి పుస్తకాల్లో దీన్నే సోపాన రేఖాచిత్రం అంటారు. విలువలను తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతిలో ఎన్ని పడ్డాయో లెక్కించి, ఆ పౌనఃపున్యాన్ని కమ్మీలుగా నిలబెడతాం. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ ఉన్న ఎవరైనా రెండు నిమిషాల్లో గీయవచ్చు. ఆ రెండు నిమిషాల సౌకర్యం వెనక ఒక నిర్ణయం దాగి ఉంది. తరగతి హద్దు ఎక్కడ పెట్టాలన్నదే ఆ నిర్ణయం. మనం తీసుకోకపోతే దాన్ని సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది, కానీ మన ప్రశ్న ఏమిటో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఈ విషయంలో గణాంక శాస్త్రం ఏం చెప్పింది, స్ప్రెడ్‌షీట్లు ఏం చేస్తున్నాయి, మన ప్రాంతపు లెక్కల్లో ఏది పనికొస్తుంది, ఏది తప్పుదారి పట్టిస్తుంది అన్నవాటిని ఒకచోట చేర్చి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నూరేళ్లుగా ఒకే ప్రశ్న

హిస్టోగ్రామ్ అనే పేరును స్థిరపరిచినవాడు ఇంగ్లండుకు చెందిన కార్ల్ పియర్సన్. 1890ల తొలినాళ్ల ఉపన్యాసాల్లో వాడి, 1895లో ప్రచురించిన పరిశోధనలో దాన్ని నిలబెట్టాడు. కమ్మీ చిత్రం అంతకు నూరేళ్ల ముందే ఉంది. విలియం ప్లేఫెయిర్ 1786లోనే స్కాట్లాండ్ వాణిజ్యాన్ని కమ్మీలతో చూపించాడు. రెండూ ఒకేలా కనిపించినా తేడా పెద్దది. కమ్మీ చిత్రంలో ఒక్కో కమ్మీ ఒక్కో వస్తువుకు గుర్తు. మామిడి, చింత, రాగి అని వేరువేరుగా నిలుస్తాయి, వరస మార్చినా నష్టం లేదు. హిస్టోగ్రామ్‌లో అడ్డగీత ఒక కొలత. కమ్మీలు ఒకదానికొకటి ఆనుకుని నిలవాలి, వరస మారకూడదు. అక్కడ లెక్కకు వచ్చేది కమ్మీ వైశాల్యం.

తరగతులు ఎన్ని ఉండాలన్న ప్రశ్నకు తొలి సూత్రం 1926లో హెర్బర్ట్ స్టర్జెస్ ఇచ్చాడు. విలువల సంఖ్యకు రెండు ఆధారంగా సంవర్గమానం తీసి ఒకటి కలపమన్నాడు. వెయ్యి విలువలుంటే పదకొండు తరగతులు వస్తాయి. దత్తాంశం నడుమ ఉబ్బి రెండు పక్కలా సమంగా తగ్గే గంట ఆకారంలో ఉంటుందని ఈ సూత్రం ముందే అనుకుంటుంది. 1979లో డేవిడ్ స్కాట్ మరో దారి చూపాడు. ప్రామాణిక విచలనాన్ని సుమారు మూడున్నరతో హెచ్చించి, విలువల సంఖ్య ఘనమూలంతో భాగిస్తే తరగతి వెడల్పు వస్తుంది. 1981లో ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ విచలనానికి బదులు చతుర్థాంశాల మధ్య దూరాన్ని తీసుకున్నారు. ఒకటి రెండు విపరీతమైన విలువలు లెక్కను చెదరగొట్టకుండా ఉండాలని వారి ఉద్దేశం.

స్కాట్ సూత్రం వచ్చిన 1979లోనే విసికాల్క్ అనే తొలి వ్యక్తిగత కంప్యూటర్ స్ప్రెడ్‌షీట్ కూడా మార్కెట్లోకి వచ్చింది. 1985లో ఎక్సెల్ వచ్చాక కూడా హిస్టోగ్రామ్ కావాలంటే చాలాకాలం ఫ్రీక్వెన్సీ ఫంక్షనో, విడిగా చేర్చుకునే విశ్లేషణ పరికరమో వాడాల్సి వచ్చేది. ఎక్సెల్ 2016 నుంచి హిస్టోగ్రామ్ నేరుగా చార్టుల జాబితాలో చేరింది. తరగతి వెడల్పు మనం చెప్పకపోతే అది స్కాట్ సూత్రాన్నే వాడుతుంది. గూగుల్ షీట్స్‌లోనూ హిస్టోగ్రామ్ చార్టు ఉంది, తరగతి వెడల్పు మార్చుకునే వీలూ ఉంది. పని ఇంత సులువైనప్పుడు సూత్రం సంగతి మనకెందుకు అనిపిస్తుంది. ఊత్తంగరై వాన మీద ఆ మూడు సూత్రాలనూ నడిపి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

మూడు సూత్రాలూ ఒకే వాన దగ్గర ఓడిపోతాయి

ముప్పై ఏళ్ల రోజువారీ వర్షపాతం ఒక నిలువు వరసలో ఉందనుకుందాం. అంటే దాదాపు 10,958 విలువలు. గరిష్ఠం 503. మన మెట్ట ప్రాంతంలో ఎక్కువ రోజులు చుక్క వాన ఉండదు. వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు అంటే కనీసం 2.5 మిల్లీమీటర్లు పడిన రోజు. ఏడాదిలో మూడొందల రోజులకు పైగా ఆ లెక్కలోకి రావు. సున్నా దగ్గర పెద్ద గుట్ట, ఆపైన క్రమంగా సన్నబడుతూ పోయే పొడవాటి తోక. ఈ దత్తాంశం ఆకారం ఇది.

స్టర్జెస్ ప్రకారం పదిహేను తరగతులు వస్తాయి. 503ను పదిహేనుతో భాగిస్తే ఒక్కో తరగతి వెడల్పు ముప్పై మూడున్నర మిల్లీమీటర్లు. ఎండిన రోజు, తుంపర పడిన రోజు, దుక్కికి పదునైన రోజు అన్నీ మొదటి కమ్మీలోనే ఇరుక్కుంటాయి. తెరమీద ఒక స్తంభం నిలబడి, దాని పక్కన ఏమీ లేనట్టుంటుంది. రైతుకు కావాల్సిన తేడాలన్నీ ఆ స్తంభం లోపలే కలిసిపోయాయి.

స్కాట్ ప్రకారం చూద్దాం. విచలనం ఎనిమిది మిల్లీమీటర్లు అనుకుంటే తరగతి వెడల్పు మిల్లీమీటరుం పావు. సున్నా నుంచి 503 దాకా అలాంటివి సుమారు నాలుగు వందల తరగతులు. అన్ని కమ్మీలు గీస్తే ఒక్కోటి వెంట్రుకంత సన్నగా ఉంటుంది, చాలావాటి ఎత్తు సున్నా. ఊత్తంగరైని ముంచిన ఆ ఒక్క రోజు కుడి చివర కంటికి ఆనని గీతగా మిగులుతుంది.

ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ సూత్రం ఇక్కడ అడుగే వేయలేదు. నాలుగింట మూడు వంతుల రోజుల్లో సున్నా ఉంటే మొదటి చతుర్థాంశం సున్నా, మూడో చతుర్థాంశమూ సున్నా. వాటి మధ్య దూరం సున్నా కాబట్టి తరగతి వెడల్పు కూడా సున్నాయే. విపరీతాల నుంచి కాపాడటానికి పుట్టిన సూత్రం ఎండిన రోజుల ముందు చతికిలపడింది.

ఈ సూత్రాలు తప్పని దీని అర్థం కాదు. అవి పుట్టిన నేల వేరు. మనుషుల ఎత్తులు, యంత్రం కోసిన భాగాల కొలతలు వంటివాటికి అవి చక్కగా పనిచేస్తాయి. హోసూరు పారిశ్రామికవాడలో ఒక భాగం వ్యాసాన్ని వెయ్యిసార్లు కొలిచి హిస్టోగ్రామ్ గీస్తే, యంత్రం నిలకడగా ఉందో పక్కకు జరుగుతోందో ఎక్సెల్ తనంతట తాను గీసిన చార్టే చాలావరకు చెప్పేస్తుంది. అదే జిల్లా వాన దగ్గరికి వచ్చేసరికి ఆ చార్టే మూగబోతుంది.

నీరు గీసిన హద్దులు

అయితే హద్దులు ఎవరు చెప్పాలి? వాన విషయంలో ఆ పని నీరే చేసి పెట్టింది. 2.5 మిల్లీమీటర్ల లోపు వాన నేలను తడపదు. పది ఇరవై మిల్లీమీటర్లు పడితే దుక్కికి పదును. ఇంకా పైన వాగు కదులుతుంది, చెరువు నిండుతుంది, అలుగు పారుతుంది. అలుగు మోయలేనంత వస్తే కట్టకే ముప్పు. వాతావరణ శాఖ పెట్టుకున్న స్థాయిలూ ఇదే వరసలో నడుస్తాయి. 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం, 204.5 నుంచి పైన అత్యంత భారీ వర్షం. ఊత్తంగరైలో పడింది ఈ ఆఖరి స్థాయి మొదలయ్యే హద్దుకు రెండింతల కన్నా ఎక్కువ.

వాన తోకను చూపడానికి నాకు అన్నిటికన్నా బాగా నచ్చే పద్ధతి రెట్టింపు తరగతులది. 2.5 నుంచి 5, 5 నుంచి 10, 10 నుంచి 20, ఇలా 40, 80, 160, 320, 640 దాకా. ఎనిమిదే తరగతులు. జల్లు నుంచి కుండపోత దాకా ప్రతి స్థాయికీ చోటు దొరుకుతుంది, 503 మిల్లీమీటర్ల రోజు చివరి తరగతిలో స్పష్టంగా నిలబడుతుంది. ఎండిన రోజులను చార్టులో పెట్టకుండా వాటి సంఖ్యను కింద ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది. చార్టులో చోటు లేదు కదా అని ఆ సంఖ్యను వదిలేయకూడదు. ఎన్ని రోజులు వాన లేదన్నది మెట్ట రైతుకు మొదటి వార్త.

ఎక్సెల్ హిస్టోగ్రామ్ చార్టు నడిమి తరగతులను సమాన వెడల్పుతోనే గీస్తుంది. అందుకే రెట్టింపు తరగతులకు పాత దారే మంచిది. ఒక వరసలో ఎగువ అవధులు రాసుకుని, ఫ్రీక్వెన్సీ ఫంక్షన్‌తో లెక్కించి, నిలువు కమ్మీల చార్టు గీసి, కమ్మీల మధ్య ఖాళీని సున్నా చేయాలి. పాత ఎక్సెల్‌లో ఈ ఫంక్షన్‌కు కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కాలి, కొత్త దాంట్లో ఫలితం తనంతట తానే కింది గడుల్లోకి పరుచుకుంటుంది. మనం ఇచ్చిన అవధుల కన్నా ఒక గడి ఎక్కువ వస్తుంది. ఆ చివరి గడి ఆఖరి అవధిని మించిన విలువల లెక్క.

ఇక్కడ కంటికి కనిపించని చిక్కు ఒకటుంది. ఫ్రీక్వెన్సీ ఫంక్షన్ ఎగువ అవధికి సమానమైన విలువను ఆ తరగతిలోనే వేస్తుంది. వాతావరణ శాఖేమో 2.5 పడితే వర్షపు రోజు అంటుంది. అవధిగా 2.5 ఇస్తే సరిగ్గా 2.5 పడిన రోజు ఎండిన రోజుల్లో కలిసిపోతుంది. వానను మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలుస్తారు కాబట్టి అవధిని 2.4 అని ఇవ్వాలి. అలాగే 64.4, 115.5, 204.4. కౌంట్‌ఇఫ్స్ ఫంక్షన్ వాడితే రెండు హద్దులనూ మన మాటల్లోనే చెప్పుకోవచ్చు. కొంచెం పొడవైనా చదివేవారికి సందేహం మిగలదు.

మరో రెండు సెట్టింగులను జాగ్రత్తగా చూడాలి. ఎక్సెల్‌లో ఒక స్థాయికి పైన ఉన్నవాటన్నిటినీ ఒకే కమ్మీలో పోసే వీలుంది. గూగుల్ షీట్స్‌లోనూ దూరంగా ఉన్న విలువలను చివరి తరగతిలోకి కుదించే సెట్టింగు ఉంది. చార్టు అందంగా కనిపించాలని వంద మిల్లీమీటర్ల పైన వాన అంతటినీ ఒక కమ్మీలో పోస్తే, 110 పడిన రోజూ 503 పడిన రోజూ పక్కపక్కనే ఒకేలా నిలుస్తాయి. ఒక రోజు చెరువు నిండింది, మరో రోజు ఊరు మునిగింది. ఈ రెంటినీ ఒకటి చేసే చార్టును విపత్తు నివారణ సమావేశంలో పెట్టడం ప్రమాదం.

వెడల్పు సమానం కానప్పుడు

తరగతులు సమానంగా లేనప్పుడు ఒక నియమం తప్పదు. కమ్మీ ఎత్తు సంఖ్యను చూపకూడదు, సంఖ్యను వెడల్పుతో భాగించగా వచ్చిన సాంద్రతను చూపాలి. లేదంటే వెడల్పు ఎక్కువున్న తరగతి లేని గొప్ప తెచ్చుకుంటుంది. రెట్టింపు తరగతులను సమాన వెడల్పుతో గీస్తున్నామంటే అడ్డగీతను సంవర్గమాన కొలతలోకి మార్చామని అర్థం. ఆ మాట చార్టు మీద రాయాలి.

ఈ నియమాన్ని మరిచిన చార్టులు భూకమతాల విషయంలో తరచుగా కనిపిస్తాయి. మన వ్యవసాయ గణనలో ఒక హెక్టారు లోపు సన్నకారు, 1 నుంచి 2 దాకా చిన్నకారు, 2 నుంచి 4, 4 నుంచి 10, ఆపైన పెద్ద కమతాలు. వెడల్పులు వరసగా ఒకటి, ఒకటి, రెండు, ఆరు, చివరిదానికి అంతే లేదు. 2015-16 గణనలో దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. సగటు కమతం 1.08 హెక్టార్లు. వీటిని ఐదు సమాన కమ్మీలుగా గీస్తే వాలు మెల్లగా దిగినట్టుంటుంది. 4 నుంచి 10 హెక్టార్ల తరగతిని దాని అసలు వెడల్పుకు సాగదీసి, ఎత్తును ఆరో వంతుకు తగ్గించి చూడండి. అసమానత ఎంత నిటారుగా ఉందో అప్పుడు బయటపడుతుంది. అంకెలు మార్చలేదు, గీత మాత్రమే సరిచేశాం.

ఇతర లెక్కల్లో హద్దు

వాన ఒక్కటే కాదు, కృష్ణగిరి ప్రాంతపు బతుకును నిర్ణయించే మరికొన్ని లెక్కల్లోనూ సగటు ఇలాగే మోసపుచ్చుతుంది. తాగునీటి ఫ్లోరైడ్ వాటిలో మొదటిది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో ఈ సమస్య తీవ్రత వల్లే జపాన్ సంస్థ జైకా రుణంతో హొగెనక్కల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం వచ్చింది, 2013లో ప్రారంభమైంది. తెలుగు నేలకు ఈ బాధ ఇంకా పాతది. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి గుర్తించారు. నల్లగొండ వేదన ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సహించవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పంచాయతీలో పదిహేను బోర్లున్నాయి. పదింటిలో 0.6, ఐదింటిలో 3.0 ఉంది. సగటు 1.4. నివేదికలో పరిమితికి లోబడి ఉందని రాసేయవచ్చు. కానీ ఆ ఐదు బోర్ల చుట్టూ పెరిగే పిల్లలు తాగేది సగటు నీరు కాదు. హిస్టోగ్రామ్ గీస్తే రెండు గుట్టలు విడివిడిగా కనిపిస్తాయి. అయితే హద్దు 1.5 దగ్గర ఉండాలి. తరగతులను సున్నా నుంచి రెండు, రెండు నుంచి నాలుగు అని పెడితే 1.6 ఉన్న బోరు సురక్షితమైన కమ్మీలోకి జారిపోతుంది.

పరీక్షల మార్కులు మరో ఉదాహరణ. తమిళనాడు పదో తరగతిలో ఉత్తీర్ణత మార్కు 35. పది మార్కుల తరగతులతో గీస్తే 30 నుంచి 39 దాకా ఒకే కమ్మీ అవుతుంది, పాసైనవారూ తప్పినవారూ అందులో కలిసిపోతారు. ఒక్కో మార్కుకు ఒక్కో కమ్మీ గీస్తే వేరే సంగతి తెలుస్తుంది. పోలండ్‌లో బడి చదువు చివర రాసే మతూరా పరీక్షలో ఉత్తీర్ణత 30 శాతం. అక్కడ మాతృభాష పేపరు హిస్టోగ్రామ్‌లో ముప్పైకి కాస్త ముందు లోయ, ముప్పై దగ్గర గోపురం కనిపించాయి. దిద్దేవారు గట్టుకు దగ్గరగా వచ్చిన పిల్లలను చేయి పట్టి దాటించారని అర్థం. సగటు మార్కు, ఉత్తీర్ణత శాతం ఈ సంగతిని ఎన్నటికీ చెప్పవు. చదువులకు పేరున్న ఊత్తంగరైలో ఏ బడి ఉపాధ్యాయులైనా తమ తరగతి మార్కులను ఇలా గీసి చూసుకుంటే, ఏ పిల్లల గుంపు ఎక్కడ ఆగిపోయిందో ఒక చూపులో తెలుస్తుంది.

జనాభా లెక్కల్లో వయసులు ఇంకో పాఠం. పుట్టిన తేదీ తెలియని పెద్దలు ముప్పై, ముప్పై అయిదు, నలభై అని చెబుతారు. ఏడాదికో కమ్మీ గీస్తే సున్నాతోనూ ఐదుతోనూ ముగిసే వయసుల దగ్గర ముళ్లు లేస్తాయి. జనాభా శాస్త్రవేత్తలు దీన్ని విపుల్ సూచికతో కొలుస్తారు. ఐదేళ్ల తరగతులు వేస్తే ఆ ముళ్లు చాలావరకు మాయమవుతాయి. వయసుల పిరమిడ్ చూడాలనుకున్నవారికి ఐదేళ్ల తరగతులే మేలు. దత్తాంశం ఎంత నమ్మదగినదో తెలుసుకోవాలనుకున్నవారికి ఒక ఏడాది తరగతులే కావాలి. రెండు చార్టులూ నిజాలే, ప్రశ్నలు వేరు.

చార్టుకు ముందే జరిగే తప్పులు

కమ్మీలు గీయకముందే గడుల్లో జరిగే తప్పులు ఎక్కువ. వర్షమాపకం చూడని రోజు గడిని ఖాళీగా వదలాలి. అక్కడ సున్నా వేస్తే లేని ఎండదినం పుడుతుంది. ఫ్రీక్వెన్సీ ఫంక్షన్ ఖాళీ గడులను, అక్షరాలను పట్టించుకోకుండా దాటిపోతుంది. అంకెలా కనిపించినా అక్షరంగా నమోదైన విలువ కూడా అలాగే చప్పుడు లేకుండా జారిపోతుంది. కనుక తరగతుల్లో పడిన సంఖ్యల మొత్తం, అసలు విలువల సంఖ్య సరిపోయాయో లేదో ప్రతిసారీ చూడాలి. సెలవునాడు కొలవక మర్నాడు రెండు రోజుల వాన కలిపి రాస్తే ఆ విలువ కృత్రిమంగా కుడికి జరుగుతుంది. వాన రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా నడుస్తుంది కాబట్టి, తెల్లవారుజామున మొదలై పగలంతా కురిసిన వాన రెండు రోజులుగా చీలిపోతుంది.

వరసల పరిమితి చిన్న సంగతేమీ కాదు. పాత ఎక్సెల్ ఫైలులో ఒక పేజీకి 65,536 వరసలే పడతాయి. 2020 అక్టోబరులో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ఈ పాత రూపాన్ని వాడటం వల్ల 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు. మన లెక్కకు దీన్ని అన్వయించి చూడండి. ఒక వర్షమాపకానికి ముప్పై ఏళ్లకు 10,958 వరసలు. ఊత్తంగరై, పోచంపల్లి, బర్గూరు, కృష్ణగిరి, హోసూరు, డెంకణీకోట, ఈ ఆరు చోట్ల లెక్కలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే 65,700 దాటుతాయి. పాత ఫైలులో చివరి రెండు వందల పైచిలుకు రోజులకు చోటుండదు. తేదీల వరసలో పేరిస్తే ఆ చివరి రోజుల్లో ఏ తుపాను ఉందో ఎవరికి తెలుసు? కొత్త రూపంలో పది లక్షల పైచిలుకు వరసలు పడతాయి కాబట్టి ఫైలును మార్చుకోవడమే పరిష్కారం.

రెండు ఊళ్లను పోల్చేటప్పుడు తరగతులు, అడ్డగీత, నిలువుగీత మూడూ ఒకేలా ఉండాలి. హోసూరు సముద్ర మట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున బెంగళూరు పీఠభూమి మీద ఉంది. ఊత్తంగరై దానికి తూర్పున దిగువ నేల. రెండు చార్టులకూ సాఫ్ట్‌వేర్ విడివిడిగా హద్దులు పెడితే, తక్కువ వాన పడిన ఊరి చార్టు కూడా తెర నిండా పరుచుకుని రెండూ ఒకటేననిపిస్తుంది. ఒకచోట ముప్పై ఏళ్లు, మరోచోట పదేళ్ల లెక్కలే ఉంటే సంఖ్యలకు బదులు శాతాలు వాడాలి.

హిస్టోగ్రామ్ చెప్పలేనివి

హిస్టోగ్రామ్ వరసను మరిచిపోతుంది. ఎండిన నేల మీద పడిన వంద మిల్లీమీటర్లకూ, నిండిన చెరువు మీద పడిన వంద మిల్లీమీటర్లకూ అందులో తేడా లేదు. వరద మాత్రం ఆ తేడాలోంచే పుడుతుంది. కాబట్టి రోజువారీ చార్టు పక్కన రెండు రోజులు, మూడు రోజుల మొత్తాల చార్టు కూడా ఉండాలి, తేదీల వరసలో గీసిన గీత కూడా ఉండాలి.

రెండో పరిమితి తోకది. చివరి తరగతిలో ఒకే ఒక రోజు ఉంటే అది జరిగిందని మాత్రమే తెలుస్తుంది, ఎన్నేళ్లకోసారి జరుగుతుందో తెలియదు. దానికి ఏడాదికో గరిష్ఠాన్ని ఏరి, ఎమిల్ గంబెల్ వంటివారు అభివృద్ధి చేసిన విపరీత విలువల గణాంకాలను ఆశ్రయించాలి. అక్కడా ముప్పై ఏళ్లకు ముప్పై విలువలే చేతిలో ఉంటాయి కాబట్టి అంచనా చుట్టూ అనిశ్చితి పెద్దదిగానే ఉంటుంది. ఒక్క కమ్మీని చూపి నూరేళ్లకోసారి వచ్చే వాన అని తేల్చేయడం తొందరపాటు.

హద్దుల బెడదే లేని పద్ధతులూ ఉన్నాయి. విలువలను పెద్దది మొదలు చిన్నది దాకా పేర్చి, ఇంత వానను మించిన రోజులెన్ని అన్న సంచిత రేఖను గీయవచ్చు. బడిలో చెప్పే ఓజివ్ వక్రానికి ఇది దగ్గరి చుట్టం. స్ప్రెడ్‌షీట్‌లో వరసక్రమం, ర్యాంకు ఉంటే చాలు, తరగతులే అక్కర్లేదు. 1977లో జాన్ ట్యూకీ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన బాక్స్ చార్టు పది ఊళ్లను పక్కపక్కన పోల్చడానికి మంచిది. కానీ ఫ్లోరైడ్ ఉదాహరణలోని రెండు గుట్టలను అది చూపదు. చదువరి ఒక్క చూపులో ఆకారాన్ని పట్టుకోవాలంటే ఇప్పటికీ హిస్టోగ్రామ్‌కు సాటి వచ్చేది లేదు.

ఇక చేయాల్సింది

వాన లెక్కలను ఓపికగా విడగొట్టి చూస్తే ప్రభుత్వ నిర్ణయాలు మారిన చరిత్ర మనకుంది. 1922 ఉత్తర బెంగాల్ వరదల తర్వాత ప్రశాంత చంద్ర మహలనోబిస్ యాభై ఏళ్ల వానలను, వరదలను పరిశీలించాడు. నీటిని ఆపే ఖరీదైన జలాశయాలు ఆ వరదలను తప్పించలేవని, నీరు పోయే దారిని బాగుచేయడమే అవసరమని చూపించాడు. ఆయన చేతిలో కంప్యూటర్ లేదు. మన చేతిలో ఉంది, కానీ ఆయన అడిగిన ప్రశ్నను మనం అడగటం లేదు.

నా మాట ఇది. తరగతి హద్దు ఒక సాంకేతిక వివరం కాదు, ఒక అభిప్రాయ ప్రకటన. ఏ తేడా లెక్కలోకి రావాలి, ఏది రానక్కర్లేదు అన్నది అక్కడే తేలిపోతుంది. అందుకే ఆ హద్దును సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకూడదు. గీసినవారు దాన్ని దాచకూడదు కూడా. ప్రతి హిస్టోగ్రామ్ కింద నాలుగు విషయాలు రాయాలి: విలువలు ఎన్ని, హద్దులు ఎక్కడ, ఆ హద్దులకు కారణం ఏమిటి, లెక్కలోకి రానివి ఎన్ని. హద్దులను కొంచెం అటూ ఇటూ జరిపి మళ్లీ గీసి, ఆకారం నిలబడిందో లేదో చూశాకే నలుగురికీ చూపించాలి.

జిల్లా యంత్రాంగం రోజువారీ వానను ఊళ్లవారీగా ఇప్పటికే నమోదు చేస్తోంది. దాన్ని సగటుగా కుదించకుండా, అసలు విలువలతో స్ప్రెడ్‌షీట్ రూపంలో అందరికీ అందేలా పెడితే, హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు బడిపిల్లలు కూడా తమ ఊరి వాన ఆకారాన్ని తామే గీసుకోగలరు. గణాంకాల పాఠానికి అంతకన్నా మంచి అభ్యాసం ఉండదు. చెరువు అలుగు వెడల్పు నిర్ణయించే ఇంజనీరు, రోడ్డు కింద తూము వేసే గుత్తేదారు, లోతట్టు స్థలానికి అనుమతి ఇచ్చే అధికారి ఆ చార్టును బల్లమీద పెట్టుకుని, సగటు వానను పక్కనబెట్టి, కుడిచివరి కమ్మీని చూసి నిర్ణయం తీసుకోవాలి. ఊత్తంగరైలో ఆ కమ్మీ విలువ 503 మిల్లీమీటర్లు. ఇకపై అక్కడ వేసే ప్రతి తూమూ, కట్టే ప్రతి అలుగూ ఆ అంకెకు జవాబు చెప్పాలి.